ఎనిమిది నెలలు ఆగిన వార్త: విదేశీ పత్రికల ముందు వలస సర్కారు

1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో డయ్యర్ సైనికులు 1,650 తూటాలు కాల్చారు. ఆ కాల్పులు ఎందుకు జరిపించాడో, ఎలా జరిపించాడో డయ్యర్ సొంత మాటల్లో లండన్ పాఠకుడు చదివింది డిసెంబరు రెండో వారంలో. ఈలోగా ఎనిమిది నెలలు గడిచిపోయాయి. అన్ని నెలల్లో ప్రభుత్వం పెద్ద కట్టుకథలేవీ అల్లాల్సిన అవసరం రాలేదు. ఏప్రిల్ 15న లాహోర్, అమృత్‌సర్‌లలో సైనిక శాసనం పెట్టింది. బయటివాళ్లను పంజాబులోకి రానివ్వలేదు, లోపలి సంగతులను బయటికి పోనివ్వలేదు. గట్టిగా రాస్తున్న 'బాంబే క్రానికల్' సంపాదకుడు హార్నిమన్‌ను ఆ నెల 26న దేశం నుంచి పంపించేసింది. చనిపోయినవాళ్లు 200 మంది దాకా ఉంటారని మొదట చెప్పింది. సర్కారే వేసిన హంటర్ విచారణ కమిటీ నాటికి ఆ లెక్క 379కి చేరింది. కాంగ్రెస్ జరిపిన విచారణ వెయ్యి దాకా ఉంటారంది.

తనకు వివరాలు పత్రికల్లో చూశాకే తెలిశాయని భారత వ్యవహారాల మంత్రి మాంటేగు పార్లమెంటులో చెప్పాడు. తాను జూన్‌లోనే లండన్ వచ్చి స్వయంగా చెప్పానని పంజాబ్ మాజీ లెఫ్టినెంట్ గవర్నర్ ఓ'డ్వయర్ తర్వాత అన్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మినా, పాఠకుడికి తెలిసిన తేదీ మాత్రం మారదు.

వలస ప్రభుత్వాలు విదేశాల్లో తమ పేరు ఎలా కాపాడుకున్నాయన్న చర్చ వస్తే మన దృష్టి వెంటనే అబద్ధాల మీదికి, ప్రచార కరపత్రాల మీదికి పోతుంది. బ్రిటిష్ ఇండియా నడిచిన తీరును దగ్గరగా చూస్తే ముందు కనబడేది కాలయాపన. వార్త వేడి తగ్గేదాకా ఆపగలిగితే చాలు, దాన్ని ఖండించనక్కర్లేదు. రెండోది, గడువు తరుముతున్న విలేకరి చేతికి అందరికంటే ముందు ఒక తయారు కాగితం అందించడం. ఈ రెండూ సాగినంత కాలం సర్కారుకు అబద్ధంతో పెద్దగా పని పడలేదు. సాగనప్పుడే లెక్కల గారడీకి, తిట్లకు దిగింది.

తీగ మీద అధికారం

ఈ రెండూ సాగడానికి ఆధారం తంతి. 1870లో లండన్‌లోని రాయిటర్స్, పారిస్‌లోని హవాస్, బెర్లిన్‌లోని వోల్ఫ్ వార్తా సంస్థలు ప్రపంచాన్ని వాటాలు వేసుకున్నాయి. బ్రిటిష్ సామ్రాజ్యం రాయిటర్స్ వంతుకు వచ్చింది. అమెరికాలోని అసోసియేటెడ్ ప్రెస్ తర్వాత ఈ కూటమిలో చిన్న భాగస్వామిగా చేరింది. ఈ ఏర్పాటు 1934 దాకా నడిచింది. అంటే అప్పటిదాకా అమెరికాలో ఓ మామూలు ఊరి పత్రికకు హిందూదేశం వార్త చేరాలంటే చాలావరకు రాయిటర్స్ తీగ మీదుగా, వార్తలు కత్తిరించే లండన్ బల్ల మీదుగా వెళ్లాల్సిందే. దేశంలోపల వార్తలు పోగుచేసే అసోసియేటెడ్ ప్రెస్ ఆఫ్ ఇండియాను కె.సి. రాయ్ స్థాపించారు. కొన్నేళ్లకే అదీ రాయిటర్స్ నీడలోకి వెళ్లింది. ప్రభుత్వం ఈ సంస్థలకు చందాదారు కూడా. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో రాయిటర్స్ అధిపతి రోడరిక్ జోన్స్ ఒకవైపు సంస్థను నడుపుతూనే బ్రిటిష్ సమాచార శాఖలో ప్రచార బాధ్యతలు చూశాడు. వార్తా సంస్థ స్వతంత్రమైనదే, కానీ దాని అధిపతి, దాని ఆదాయం, దాని తీగలు, మూడూ సామ్రాజ్యంతో ముడిపడినవే.

కేబుల్‌లో ప్రతి మాటకూ ఖరీదు ఉండేది. దీని ఫలితం ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ నా దృష్టిలో అసలు కీలకం అక్కడే ఉంది. వేసవి రాజధాని సిమ్లాలోని సచివాలయం ఇచ్చిన రెండు పేజీల ప్రకటన రాయిటర్స్ చేతిలో ఒక పేరా అవుతుంది, లండన్‌లో మూడు వాక్యాలు అవుతుంది, న్యూయార్కులో శీర్షిక, దాని కింద ఒక వాక్యం మిగులుతాయి. ప్రతి మజిలీలోనూ కత్తెర పడేది నేపథ్యం మీద, ఎదుటి పక్షం వాదన మీద. చివరిదాకా బతికేది మొదటి వాక్యం. కాబట్టి మొదటి వాక్యం రాసే హక్కు ఎవరి చేతిలో ఉంటే మొత్తం వార్త వాళ్లదైనట్టే. సర్కారు ప్రకటనలు రాసే అధికారులకు ఇది బాగా తెలుసు. అందుకే వాటి అల్లిక దాదాపు ఎప్పుడూ ఒకలాగే ఉంటుంది. ముందు గుంపు ఏం చేసిందో చెబుతారు: రాళ్లు రువ్వింది, చెదిరిపొమ్మంటే వినలేదు. తర్వాత పోలీసులకు 'తప్పనిసరి అయింది' అంటారు. ఆ తర్వాత కాల్పులు 'జరిగాయి' అంటారు, కాల్చినవాడి పేరుండదు. ఒక చిన్న సంఖ్య వస్తుంది. చివర పరిస్థితి అదుపులో ఉందని ముగిస్తారు. దీన్ని ఎక్కడ కత్తిరించినా మొదట మిగిలేది గుంపు రాళ్లు రువ్వడమే.

చట్టం ఇచ్చిన బలం దీనికి తోడు. 1885 టెలిగ్రాఫ్ చట్టం ఐదో సెక్షన్ కింద ప్రజాభద్రత పేరు చెప్పి ఏ టెలిగ్రామునైనా ఆపవచ్చు, చదవవచ్చు. తంతి కార్యాలయమే సర్కారుది, మీట నొక్కే గుమాస్తా సర్కారు ఉద్యోగి. పుస్తకాలకు, పత్రికలకు 1878 సముద్ర సుంకాల చట్టం 19వ సెక్షన్ ఉంది, ఓడరేవులోనే ఆపేయవచ్చు. విలేకరి రాసింది తప్పని నిరూపించే పని లేదు. టెలిగ్రాము రెండు రోజులు ఆలస్యమైతే చాలు, న్యూయార్కులో సంపాదకుడు వేరే వార్తకు చోటిచ్చేస్తాడు.

ధారాసన: పద్ధతి ఎక్కడ చిట్లింది

1930 మే 21న సూరత్ జిల్లా ధారాసనలో సుమారు 2,500 మంది సత్యాగ్రహులు సరోజినీ నాయుడు నాయకత్వంలో ఉప్పు కొటారు వైపు నడిచారు. ఇనుప పొన్నులు తొడిగిన లాఠీలతో పోలీసులు వాళ్లను వరసల వారీగా పడగొట్టారు. దెబ్బను కాచుకోవడానికి ఒక్కరూ చెయ్యి అడ్డం పెట్టలేదని అక్కడే నిలబడి చూసిన అమెరికన్ విలేకరి వెబ్ మిల్లర్ రాశాడు. తాత్కాలిక ఆసుపత్రిలో ఆయన లెక్కపెట్టిన క్షతగాత్రులు 320 మంది, మృతులు ఇద్దరు. వైస్రాయ్ ఇర్విన్ ఇదే ఘటన గురించి ఐదో జార్జి చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, పోలీసులు చాలాసేపు ఓపికపట్టారని, చాలామందికి స్వల్ప గాయాలయ్యాయని చెప్పాడు. మిల్లర్ అక్కడ లేకపోతే ప్రపంచానికి మిగిలేది ఈ 'స్వల్ప గాయాలే'.

మిల్లర్ వార్త ఎలా బయటపడిందన్నది ముఖ్యం. ఆయన పనిచేసింది యునైటెడ్ ప్రెస్‌లో. 1907లో పుట్టిన ఆ సంస్థ రాయిటర్స్ కూటమిలో చేరలేదు, తన సొంత విలేకరులను, సొంత ఖాతాదారులను పెట్టుకుంది. కాబట్టి లండన్‌లో రాయిటర్స్ బల్ల మీద దానికి కత్తెర పడే అవకాశం లేదు. ఆపగలిగితే ఇక్కడే, తంతి కార్యాలయంలోనే ఆపాలి. ఆపారు కూడా. పంపిన టెలిగ్రాములో కొన్ని భాగాలు వెళ్లలేదని తెలిసి మిల్లర్ పట్టుబట్టాకే అవి కదిలాయి. కదిలాక యునైటెడ్ ప్రెస్ వార్తలు తీసుకునే 1,350 పత్రికల్లో ఆ కథనం వచ్చింది. సెనెటర్ జాన్ బ్లెయిన్ దాన్ని అమెరికా సెనేట్ రికార్డుల్లోకి ఎక్కించాడు.

దీనిలోంచి తీసుకోవాల్సిన విషయం ఒకటుంది. సెన్సారు మెత్తబడటం వల్లో, అధికారులకు మనసు కరగడం వల్లో ఆ వార్త బయటపడలేదు. ఒక విదేశీ విలేకరి, తన కంటితో చూసినవాడు, ఆపితే అమెరికాలో గొడవ చేయగలవాడు, కూటమికి బయట ఉన్న సంస్థ ఉద్యోగి. ఈ నాలుగూ ఒకచోట కలిశాయి కాబట్టే పద్ధతి చిట్లింది. అదే నెలల్లో భారతీయ విలేకరులు ఎన్నో ఊళ్లలో ఇంతకు తక్కువ కాని దృశ్యాలు చూసి రాశారు. 1930 ఏప్రిల్ చివర వచ్చిన ప్రెస్ ఆర్డినెన్స్ వాళ్ల పత్రికలను ధరావతు కట్టమంది. కట్టలేనివి మూతపడ్డాయి. ఆ కథనాలు సముద్రం దాటలేదు.

కాంగ్రెస్ వైపు కూడా ఇది అర్థం చేసుకున్నవాళ్లున్నారు. గాంధీ దండియాత్రను 240 మైళ్లు, 24 రోజులు సాగేలా పెట్టుకోవడంలో విదేశీ పత్రికలు చేరుకోవడానికి కావలసినంత వ్యవధి ఉంది. ఒక్క రోజులో ముగిసే ఘటనను ఆపవచ్చు, మూడు వారాలు రోజూ సాగే నడకను ఆపలేరు. 1931 సెప్టెంబరు 13న లండన్ కింగ్స్‌లీ హాల్ నుంచి గాంధీ అమెరికన్ రేడియోలో మాట్లాడినప్పుడు తీగకు, కత్తెరకు అవకాశమే లేకుండా పోయింది. కాంగ్రెస్ రహస్య బులెటిన్లలో సంఖ్యలు పెంచి రాసిన సందర్భాలూ ఉన్నాయి, వాటిని కూడా యథాతథంగా నమ్మలేం. కానీ ఇద్దరినీ ఒకే త్రాసులో పెట్టడం అన్యాయం. ఒకరి చేతిలో సైక్లోస్టైల్ యంత్రం, ఇంకొకరి చేతిలో దేశంలోని తంతి మొత్తం.

రెండు అమెరికన్ పుస్తకాలు

దినపత్రిక వార్తను ఆపవచ్చు, ఆలస్యం చేయవచ్చు. కానీ దూరదేశపు పాఠకుడి మనసులో హిందూదేశం అంటే ఏమిటన్న స్థిరమైన బొమ్మ పుస్తకాల వల్ల పడుతుంది. సర్కారు ఈ సంగతి ముందే గ్రహించింది. 1920లో సమాచార కేంద్ర కార్యాలయానికి అధిపతిగా అలహాబాదు చరిత్ర ఆచార్యుడు రష్‌బ్రుక్ విలియమ్స్‌ను పెట్టింది. పార్లమెంటుకు ఏటా సమర్పించే నివేదిక, పాత కాలంలో ఎవరూ తెరవని నీలి పుస్తకం, ఆయన చేతిలో చదవదగ్గ గ్రంథంగా మారింది. విదేశీ విలేకరి, విశ్వవిద్యాలయ ఆచార్యుడు, గ్రంథాలయం, అందరికీ సిద్ధంగా ఒక్కచోట గణాంకాలు, కాలువల పొడవు, రైలు మార్గాల మైళ్లు, ఆందోళనల మీద సర్కారు వ్యాఖ్య. అందులో అంకెలు చాలావరకు నిజమే. ఏ అంకె పక్కన ఏ అంకె పెట్టాలో నిర్ణయించడంలోనే రాజకీయం.

1927లో అమెరికన్ రచయిత్రి కేథరిన్ మేయో 'మదర్ ఇండియా' వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే ఆమె ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్యానికి వ్యతిరేకంగా ఒక పుస్తకం రాసి ఉంది. హిందూదేశం బయలుదేరే ముందు లండన్‌లో భారత పాలన చూసే ఇండియా ఆఫీసు వారిని కలిసింది. ఇక్కడ అధికారులు ఆమెకు తలుపులు తెరిచారు. బాల్యవివాహాలు, అంటరానితనం, మురికి, రోగాలు కలిపి చివరికి ఆమె తేల్చిందేమంటే వీళ్లు తమను తాము పాలించుకోలేరని. హిందూదేశపు పాలనా సంస్కరణలను పరిశీలించే సైమన్ కమిషన్ వేసిన ఏడాదే అది వచ్చింది. అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయింది. గాంధీ దాన్ని మురుగుకాల్వల ఇన్‌స్పెక్టర్ నివేదిక అన్నారు. లజపతిరాయ్ పుస్తకంతోనే జవాబిచ్చారు.

మేయో చూపిన సమస్యలు లేవని కాదు. వాటితో మన సంస్కర్తలు అప్పటికి అరవై డెబ్బై ఏళ్లుగా పోరాడుతున్నారు, బాలికల వివాహ వయసు పెంచే బిల్లులకు సర్కారు వైపు నుంచి ఎన్నాళ్లు అడ్డంకులు వచ్చాయో ఆ పుస్తకం చెప్పదు. నన్ను ఎక్కువగా కదిలించేది వేరే పోలిక. 1928 చివర్లో మరో అమెరికన్, జె.టి. సండర్లాండ్ రాసిన 'ఇండియా ఇన్ బాండేజ్'ను కలకత్తాలో రామానంద చటర్జీ ప్రచురించారు. అది బ్రిటిష్ పాలనను విమర్శించిన గ్రంథం. 1929లో సర్కారు దాన్ని నిషేధించి, రామానంద మీద రాజద్రోహం కేసు పెట్టి శిక్ష వేయించింది. ఇద్దరూ అమెరికన్లే. ఒకరి పుస్తకం ఓడరేవుల్లో ఎవరూ ఆపలేదు. ఇంకొకరిది అచ్చువేసిన మనిషి కోర్టు మెట్లెక్కాడు. విదేశీ అభిప్రాయం అంటే సర్కారు లెక్కలో ఏమిటో ఈ రెండు పుస్తకాల గతి చెబుతుంది.

న్యూయార్కులో గొంతు తగ్గించి

1920లో న్యూయార్కులో బ్రిటిష్ లైబ్రరీ ఆఫ్ ఇన్ఫర్మేషన్ మొదలైంది. పేరు గ్రంథాలయం. చేసే పని అడిగినవాళ్లకు సమాచారం ఇవ్వడం, పత్రికల్లో వచ్చేది గమనించి లండన్‌కు రాయడం, సంపాదకులతో పరిచయాలు పెంచుకోవడం. పెద్ద గొంతుతో ప్రచారం చేయకపోవడానికి గట్టి కారణముంది. మొదటి ప్రపంచ యుద్ధంలోకి బ్రిటిష్ ప్రచారం తమను ఎలా లాగిందో తెలిశాక అమెరికన్లలో ఆ మాటంటేనే అనుమానం పుట్టింది. 1938లో విదేశాల తరఫున పనిచేసేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలన్న చట్టం కూడా వచ్చింది. అందుకని బ్రిటిష్ అధికారులు ఎంచుకున్న మార్గం మూడో మనిషి నోటితో చెప్పించడం. ఆంగ్లేయుడు చెబితే సామ్రాజ్యం మాట, అమెరికన్ చెబితే సాక్ష్యం, భారతీయుడు చెబితే తిరుగులేని సాక్ష్యం. 1941లో వాషింగ్టన్‌లో భారత ప్రభుత్వానికి ఏజెంట్ జనరల్‌గా గిరిజాశంకర్ బాజ్‌పాయ్‌ని పెట్టడంలో ఈ ఆలోచన కొంత ఉంది. ఆయన సమర్థుడైన అధికారి, స్వతంత్రం వచ్చాక మన విదేశాంగ శాఖను నిలబెట్టినవారిలో ఒకరు. కానీ ఆనాడు ఆయన మాట్లాడింది ప్రజలు ఎన్నుకున్నవారి తరఫున కాదు, వైస్రాయ్ తరఫున.

వలస ప్రభుత్వాల్లో ఈ కిటుకు కనిపెట్టింది బ్రిటన్ ఒక్కటే కాదు. బెల్జియం రాజు లియోపోల్డ్ కాంగోలో రబ్బరు కోసం సాగించిన దౌర్జన్యాలు బయటపడ్డాక 1904లో రహస్యంగా పత్రికా కార్యాలయం నడిపాడు. 1905 నవంబరులో ఆయనే వేసిన విచారణ సంఘం నివేదిక ఫ్రెంచిలో వెలువడాల్సి ఉంది. దానికి ఒక్క రోజు ముందు 'వెస్ట్ ఆఫ్రికన్ మిషనరీ అసోసియేషన్' పేరుతో దాని సారాంశమంటూ ఒక ఆంగ్ల కాగితం ఇంగ్లండులోని పెద్ద పత్రికలన్నిటికీ చేరింది. పెద్ద ఫ్రెంచి నివేదిక, చేతిలో సిద్ధంగా ఆంగ్ల సారాంశం, తరుముకొస్తున్న గడువు. చాలా పత్రికలు సారాంశాన్నే అచ్చువేశాయి. నిజానికి నివేదిక సాక్షుల వాదనలను చాలావరకు బలపరిచింది, సారాంశం దాన్ని నీరుగార్చింది. ఆ మిషనరీ అసోసియేషన్ రాజుగారి మనుషుల సృష్టి అని తర్వాత తేలింది. అప్పటికి మొదటి రోజు శీర్షికలు వచ్చేశాయి.

1942: దాచామని రాసుకున్న టెలిగ్రాము

యుద్ధకాలంలో ఈ యంత్రమంతా ఒక్కసారిగా పనిచేసింది. 1942 మార్చి, ఏప్రిల్ నెలల్లో యుద్ధానికి సహకరిస్తే తర్వాత స్వపరిపాలన ఇస్తామంటూ వచ్చిన క్రిప్స్ రాయబారం విఫలమయ్యాక అమెరికాలో తప్పు కాంగ్రెస్‌దేనని చెప్పడానికి గట్టి ప్రయత్నం జరిగింది. క్రిప్స్ బృందంలో ఉన్న కెనడియన్ గ్రాహం స్ప్రై అమెరికా తిరిగి సంపాదకులకు, అధికారులకు లండన్ పక్షం వినిపించాడు. 'క్విట్ ఇండియా' తీర్మానం చేసిన మర్నాడే, ఆగస్టు 9 తెల్లవారుజామున, కాంగ్రెస్ నాయకులందరినీ పట్టుకుపోయారు. ఆ వేళ కూడా యాదృచ్ఛికం కాదు. నాయకులు లేకపోతే మర్నాడు విదేశీ విలేకరి 'మీరేమంటారు' అని అడగడానికి ఎవరూ ఉండరు. ఉద్యమం వార్తలను అధికారిక వర్గాల నుంచి, గుర్తింపు పొందిన విలేకరుల నుంచి వచ్చినవే వేయాలన్న ఉత్తర్వు అప్పుడే వచ్చింది. కొన్ని పత్రికలు దానికి తలొగ్గకుండా మూతపడ్డాయి. విదేశీ విలేకరుల్లో చాలామంది యుద్ధ విలేకరులుగా సైన్యం గుర్తింపు మీద ఉన్నవాళ్లు. అందువల్ల రాజకీయ వార్తను కూడా సైనిక భద్రత పేరుతో ఆపడం తేలికైంది.

ఆగస్టు 31న వైస్రాయ్ లిన్‌లిత్‌గో చర్చిల్‌కు పంపిన టెలిగ్రాములో, 1857 తర్వాత ఇంత తీవ్రమైన తిరుగుబాటు రాలేదని, దాని తీవ్రతను, విస్తృతిని సైనిక భద్రత కారణంగా ఇప్పటిదాకా ప్రపంచానికి తెలియకుండా దాచామని రాశాడు. విమానాల నుంచి జనం మీద మెషిన్‌గన్ కాల్పులు జరిగిన రోజులవి. సర్కారు ప్రకటనల్లో కనిపించిన 'కొన్ని చోట్ల గూండాల అల్లర్లు' అన్న బొమ్మకూ ఈ టెలిగ్రాముకూ మధ్య ఎంత దూరముందో చూడండి. రాసినవాళ్లు ఒకరే.

పది రోజులకు, సెప్టెంబరు 10న, చర్చిల్ పార్లమెంటులో ఒక లెక్క చెప్పాడు. బ్రిటిష్ ఇండియాలో 9 కోట్ల ముస్లింలు, 5 కోట్ల అణగారిన కులాలు, సంస్థానాల్లో 9.5 కోట్ల ప్రజలు, వెరసి 39 కోట్లలో 23.5 కోట్ల మంది కాంగ్రెస్‌కు బయట ఉన్నారన్నాడు. పత్రికల్లో ఇలాంటి సంఖ్య బాగా పాకుతుంది, ఎవరూ కూడిక సరిచూడరు. 1941 జనాభా లెక్కల ప్రకారం దేశమంతా కలిపి ముస్లింలు సుమారు 9.4 కోట్లు. అందులో హైదరాబాదు, కాశ్మీర్ వంటి సంస్థానాల్లోని కోటిన్నర మంది ఉన్నారు. అణగారిన కులాల సంఖ్య కూడా సంస్థానాలు కలుపుకున్నదే. అంటే నిజాం రాష్ట్రంలోని ఒక ముస్లిం ఒకసారి ముస్లింగా, ఒకసారి సంస్థాన ప్రజగా లెక్కకొచ్చాడు. ఇలా రెండుసార్లు లెక్కపెట్టినవాళ్లు రెండు కోట్లకు పైమాటే. పైగా కాంగ్రెస్‌కు ఓటేసిన దళితులు, కాంగ్రెస్‌లోనే ఉన్న ముస్లింలు, సంస్థానాల్లో ప్రజామండళ్లు నడిపినవాళ్లు ఈ లెక్కలో ఎటు పోయారో తెలియదు. అందులోని ప్రతి అంకె దేశమంతటికీ విడిగా చూస్తే ఇంచుమించు సరైనదే. కూడితేనే తప్పు.

1943 ఫిబ్రవరి 10న గాంధీ ఆగాఖాన్ భవనంలో 21 రోజుల నిరాహార దీక్ష మొదలుపెట్టారు. ఆ నెలలోనే హోం శాఖ అధికారి టాటెన్‌హామ్ తయారుచేసిన 'అల్లర్లకు కాంగ్రెస్ బాధ్యత' అన్న పుస్తకం విడుదలైంది. గాంధీ నీళ్లలో గ్లూకోజ్ కలుపుకుంటున్నారేమో ఆధారం దొరుకుతుందా అని చర్చిల్ వైస్రాయ్‌ను అడిగాడు. దొరకలేదు. టాటెన్‌హామ్ పుస్తకానికి గాంధీ జూలై 15న నిర్బంధం నుంచే వివరంగా జవాబు రాశారు. సర్కారు దాన్ని అప్పుడు వెలువడనివ్వలేదు. ఆరోపణ సముద్రాలు దాటింది, జవాబు దస్త్రంలో ఉండిపోయింది.

ఎక్కడ బెడిసికొట్టింది

ఇంత పకడ్బందీ పద్ధతి బెడిసికొట్టిన చోట్లు చూస్తే, దాదాపు ప్రతిసారీ దెబ్బ లోపలి నుంచే వచ్చింది. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వ్యక్తిగత ప్రతినిధిగా విలియం ఫిలిప్స్ 1943 జనవరిలో ఢిల్లీ వచ్చాడు. గాంధీని కలవనివ్వలేదు. వెళ్లేముందు విలేకరులకు ఆ సంగతి సూటిగా చెప్పాడు. తర్వాత ఆయన అధ్యక్షుడికి రాసిన లేఖ 1944 జూలైలో అమెరికన్ పత్రికా రచయిత డ్రూ పియర్సన్ కాలమ్‌లో బయటపడింది. భారత సైన్యం కిరాయి సైన్యంలా ఉందని, జపాన్ మీద యుద్ధంలో బ్రిటన్ పాత్ర నామమాత్రంగా ఉండొచ్చని అందులో ఉంది. ఫిలిప్స్ తమకు ఆమోదయోగ్యుడు కాడని ఢిల్లీ పంపిన టెలిగ్రాము కూడా బయటికొచ్చి గొడవ ఇంకా పెద్దదైంది. కాంగ్రెస్ నాయకులను జైల్లో పెట్టవచ్చు, మిత్రదేశపు రాయబారిని 'ఆందోళనకారుడు' అనలేరు. లియోపోల్డ్‌కూ ఇదే జరిగింది. అమెరికాలో ఆయన తరఫున పనిచేసిన శాన్‌ఫ్రాన్సిస్కో వకీలు కొవాల్‌స్కీని వదిలించుకున్నాక, 1906 డిసెంబరులో ఆ వకీలు కాగితాలన్నీ హర్స్ట్ పత్రిక మొదటి పేజీకి ఎక్కాయి.

బెంగాల్ కరువు రెండో ఉదాహరణ. సర్కారు దాన్ని కరువుగా ప్రకటించలేదు. ప్రకటిస్తే కరువు నియమావళి ప్రకారం సహాయ పనులు, నిర్ణీత ధాన్యం ఇవ్వక తప్పదు. నియమావళి అమలు చేయకపోవడానికి కారణం ఇవ్వాల్సిన ధాన్యం లేకపోవడమేనని బెంగాల్ గవర్నరే వైస్రాయ్‌కు రాశాడు. వార్తల మీద ఆంక్షలున్నాయి. నిబంధనల్లో ఫొటోల ఊసు లేదని గమనించిన 'స్టేట్స్‌మన్' సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ 1943 ఆగస్టు 22న కలకత్తా వీధుల బొమ్మలు వేశాడు. బ్రిటిష్ యాజమాన్యపు పత్రిక అది. కాంగ్రెస్ ప్రచారమని కొట్టిపారేయడానికి వీల్లేదు. పైగా ఆ వీధుల్లోనే అమెరికన్ సైనికులు తిరుగుతున్నారు. విచారణ సంఘం మృతులు 15 లక్షలంది. తర్వాతి పరిశోధకుల అంచనా 30 లక్షల దాకా ఉంది.

పద్ధతి మాత్రం తర్వాత కూడా మారలేదు. 1959 మార్చి 3న కెన్యాలోని హోలా నిర్బంధ శిబిరంలో 11 మందిని కొట్టి చంపారు. బండిలోని నీళ్లు తాగాక చనిపోయారని మర్నాడు అధికారిక ప్రకటన వచ్చింది. శవపరీక్ష దాన్ని పక్కకు నెట్టింది. 1973 జూలైలో మొజాంబిక్‌లో విరియాము ఊచకోతను లండన్ 'టైమ్స్' బయటపెడితే, ఆ పేరున్న ఊరే పటంలో లేదని పోర్చుగల్ అంది. నిజంగానే సర్కారీ పటాల్లో ఆ ఊరు లేదు. ఊరు ఉందా లేదా అన్నదానికి వలస పాలకుడు గీసిన పటమే ప్రమాణమైపోయింది.

1961లో బ్రిటిష్ వలస మంత్రి మాక్లౌడ్, స్వతంత్రం ఇవ్వబోయే దేశాల్లో ప్రభుత్వాన్ని ఇబ్బంది పెట్టే కాగితాలను కొత్త ప్రభుత్వాలకు వదలవద్దని ఆదేశించాడు. కొన్ని తగలబెట్టారు, కొన్ని లండన్ తరలించారు. 37 పూర్వ వలసలకు చెందిన సుమారు 8,800 దస్త్రాలు ఉన్నాయని 2011లో, కెన్యా బాధితులు వేసిన కేసు సందర్భంగా ఒప్పుకున్నారు. 2013లో 5,228 మందికి 1.99 కోట్ల పౌండ్ల పరిహారానికి బ్రిటన్ అంగీకరించింది.

తగలబడిన వాటి చోట ఇప్పుడు పరిశోధకులకు మిగిలింది చాలాసార్లు ఆనాటి పత్రికలే. అవి ఇవాళ డిజిటల్‌గా ఇంట్లోనే దొరుకుతున్నాయి, మన విద్యార్థులు సిద్ధాంత వ్యాసాల్లో వాటిని సాక్ష్యంగా వాడుతున్నారు. వాడేముందు ప్రతి కథనానికీ కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. వార్త ఎక్కడి నుంచి వచ్చిందని రాసి ఉంది, ఘటన జరిగిన ఊరి నుంచా, సిమ్లా నుంచా, లండన్ నుంచా? ఘటన తేదీకీ అచ్చు తేదీకీ మధ్య ఎన్ని రోజులు? సంఖ్య ఎవరు చెప్పారు, తర్వాత పెరిగిందా? కర్త లేని క్రియలు ఎన్ని ఉన్నాయి? అదే రోజు అదే వార్త వేర్వేరు నగరాల పత్రికల్లో ఒకే వాక్యాలతో ఉందా? ఉంటే పది పత్రికలు ఉటంకించినా సాక్షి ఒక్కడే, ఆ సాక్షి సచివాలయంలో కూర్చున్నవాడు. దాని పక్కన ఆ వారపు భారతీయ భాషల పత్రికను, ధరావతు కట్టి నడిచినదాన్ని, పెట్టుకుని చదవాలి. ఆ వారం ఆ పత్రిక రాకుండా ఆగిపోయి ఉంటే ఆ ఖాళీని కూడా తేదీతో సహా నమోదు చేసుకోవాలి.